ఖాళీ గడిలో సున్నా

మొదటి మెసేజి దానంతటది వెళ్ళినప్పుడు మిస్బా చేతులు కీబోర్డు మీద లేవు. టీ గ్లాసు పట్టుకుని, కిటికీ అవతల గేటు దాకా బారులు తీరిన మామిడికాయల ట్రాక్టర్లను చూస్తోంది. బల్ల మీద ఆమె ఫోను మోగింది. ఆ వెంటనే పక్క గదిలో మేనేజరు రఘునాథ్ ఫోను, వరండాలో ఇంకెవరిదో ఫోను. ఫ్యాక్టరీ గ్రూపులో ఒకే ఒక్క వాక్యం పడింది: "అమ్మోనియా అన్ని గదుల్లో సాధారణం." పక్కన పచ్చని టిక్కు గుర్తు.

రఘునాథ్ తలుపులోంచి తొంగి చూశాడు. "నువ్వు ఈడ టీ తాగతా ఉండావు, మెసేజి ఆడ పడింది. ఇది కదా పనంటే! ఇన్నాళ్ళూ గంటగంటకీ ఆ నల్ల తెర ముందర కూర్చోని ఏం సాధించినామబ్బా?"

మిస్బా నవ్వింది. నిజంగానే సంతోషంగా ఉంది ఆమెకు.

బంగారుపాళ్యం దగ్గర హైవే పక్కనున్న ఆ ఫ్యాక్టరీలో తోతాపురి కాయను గుజ్జు చేస్తారు. మంచి కాయను మాత్రం ముక్కలు కోసి, గడ్డకట్టించి, పెట్టెల్లో సర్ది ఓడరేవుకు పంపుతారు. గడ్డకట్టించే గదికి ఆ చలినిచ్చేది అమ్మోనియా. గొట్టాల్లో తిరుగుతున్నంతసేపు దాని ఊసే ఎవరికీ పట్టదు. బయటికొచ్చిందంటే ముందు కళ్ళను, తర్వాత గొంతును, ఆపైన ఊపిరితిత్తులను కాలుస్తుంది. అందుకే ఆ గొట్టాలున్న ప్రతి గది గోడకూ ఒక సెన్సారు ఉంది. గాలిలో గ్యాసు ఎంతుందో కొలిచి, ఆ అంకెను ఆఫీసు కంప్యూటరులోని డేటాబేసుకు పంపుతూ ఉంటుంది.

మొన్నమొన్నటి దాకా ఆ అంకెలను మిస్బాయే అడిగి తెచ్చుకునేది. నల్ల తెర తెరిచి, ఏ గది, ఏ వేళ అంటూ ప్రశ్నను చేత్తో టైపు చేసి ఎంటర్ కొడితే, తెల్లని అంకెలు వరుసలుగా కిందికి జారేవి. ఆమె తెర మీద వేలు పెట్టి ఒక్కో గది వరుసా కిందిదాకా చదివి, గోడమీది బోర్డులో రాసేది. కంప్రెసర్ ఆపరేటరు దయానంద్ నూనె చేతులు గుడ్డకు తుడుచుకుంటూ వచ్చి, ఆమె భుజం మీదుగా తెరను చూసి, "సరేమ్మా, బాగుండాది" అని పోయేవాడు. ఇప్పుడా ప్రశ్ననే ఆమె ఒక స్క్రిప్టులో రాసి పెట్టింది. వేళకు అదే లేస్తుంది, అదే అడుగుతుంది, వచ్చిన అంకె హద్దు దాటిందేమో అదే పోల్చి, అదే మెసేజి పంపుతుంది.

ఆ మధ్యాహ్నమే స్క్రిప్టు పడిపోయింది. గ్రూపులో పచ్చని టిక్కుకు బదులు "ఎర్రర్" అని ఎర్రగా వచ్చింది. చెన్నైలో ఉన్న యజమాని వెంటనే ఫోను చేశాడు. రఘునాథ్ ఎర్రబడ్డ మొహంతో వచ్చాడు.

"ఏందిది? గ్యాసు లీకయిందా అని అడగతా ఉండాడు పెద్దసారు. ఈడ చీమ కూడా చావలేదు!"

మిస్బా వెతికి చూసింది. కరెంటు పోయి వచ్చిన ఆ కాసేపు సెన్సార్లు ఏమీ పంపలేదు. డేటాబేసులో ఆ గడులు ఖాళీగా ఉన్నాయి. నల్ల తెర మీదైతే ఖాళీ ఖాళీగానే కనిపించేది. కంటితో చూసి, కరెంటు పోయినట్టుందే అనుకుని, ఇంకోసారి అడిగేది. స్క్రిప్టుకు ఆ తెలివి లేదు. ఖాళీని అంకెతో పోల్చమంటే దిక్కు తోచక ఆగిపోయింది.

"ఇంగోసారి గ్రూపులో ఎర్రర్ అని పడకూడదు, తెలిసిందా?" అన్నాడు రఘునాథ్, ఆమె కుర్చీ వెనకే నిలబడి.

ఆమె ఒక్క లైను చేర్చింది. గడి ఖాళీగా ఉంటే దాన్ని సున్నాగా తీసుకో. మళ్ళీ నడిపింది. గ్రూపులో పచ్చని టిక్కు పడింది. రఘునాథ్ వేళ్ళతో కుర్చీ వీపు మీద చిన్నగా తాళం వేసి వెళ్ళిపోయాడు.

మర్నాడు గడ్డకట్టించే గదిని కడిగారు. ఓడరేవుకు కంటైనరు వెళ్ళేముందు గోడలు, నేల, గొట్టాల కింద పేరుకున్న మంచు అంతా వేడినీళ్ళ పైపు పెట్టి జోరుగా కొట్టి కడుగుతారు. గ్యాసు బయటికొస్తే కూయాల్సిన గోడమీది సైరను నీళ్ళు తగిలి కూతపెట్టింది. కడిగినప్పుడల్లా అది అలాగే కూస్తుంది. ఈసారి రఘునాథ్ ఎలక్ట్రీషియన్ను పిలిచి దాని వైరు పీకించాడు. "మెసేజీలు వస్తా ఉండాయి కదా, ఇంగ ఇదెందుకు?" అన్నాడు. అది మిస్బా చెవిన పడింది. కాదనే మాటేదీ ఆమెకు తోచలేదు. పైగా తన పని మీద అంత నమ్మకం ఉన్నందుకు లోలోపల కాస్త గర్వపడింది.

ఆ తర్వాతి రోజు ప్యాకింగు హాలు ముందు గొడవ వినబడి వరండాలోకి వచ్చింది.

ఆనందమ్మ నిలబడి ఉంది. ముక్కలను పెట్టెల్లో సర్దే ఆడవాళ్ళలో అందరికంటే పెద్దది ఆమే. తలకు ప్లాస్టిక్ టోపీ, చేతులకు రబ్బరు తొడుగులు, కాళ్ళకు మోకాళ్ళదాకా బూట్లు. తొడుగు వేసుకున్న మణికట్టుతో కళ్ళు తుడుచుకుంటోంది. కళ్ళు మిరపకాయ తగిలినట్టు ఎర్రగా ఉన్నాయి. వెనక ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు దగ్గుతున్నారు.

"నిన్నట్నుంచి సెప్తా ఉండాను సారూ. గడ్డల గది వాకిలి తెరిస్తే సాలు, మంట. గొంతులో సూదులు పెట్టి గుచ్చినట్టుండాది. ఆ కడాకు నేను పోలేను."

"మెసేజి సూసినావా?" రఘునాథ్ ఫోను ఆమె మొహం ముందు పెట్టాడు. "అర్ధగంట ముందర వచ్చింది. సాధారణం. ఏ గదిలోనూ ఏమీ లేదు. మిషను చెప్తా ఉండాది ఇది, నేను గాదు."

"మిషను ముక్కు యాడుండాదో నాకేం తెలుసు సారూ? నా ముక్కు మాత్రం ఈడుండాది."

ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వే రఘునాథ్‌కు కోపం తెప్పించింది. "కంటైనరు వాకిట్లో పెట్టుకోని పని ఎగ్గొట్టేదానికి ఇదొక ఎత్తు! నువ్వొక్కదానివి చాలు, నలుగుర్ని చెడగొట్టేదానికి. నడువు బయటికి. రేపట్నుంచి రావద్దు." వెనక్కి తిరిగి కేకేశాడు. "పల్లవీ, ఈమె చోట్లో నువ్వు నిలబడు. కడాన, గది వాకిలి పక్కన."

పల్లవి ఆ మధ్యే పనిలో చేరిన పిల్ల. పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. ఆనందమ్మ మొహంలోకి ఒకసారి, రఘునాథ్ మొహంలోకి ఒకసారి చూసి, టోపీ సర్దుకుని లోపలికి వెళ్ళింది.

ఆనందమ్మ తొడుగులు లాగి బకెట్లో పడేసింది. వరండాలో నిలబడ్డ మిస్బాను అప్పుడు చూసింది.

"నువ్వేనంట కదా పాపా ఆ మెసేజీలు పంపేది? ఒగసారి లోపలికొచ్చి నిలబడి సూడు. ఒగే ఒగసారి."

రఘునాథ్ మిస్బా వైపు చూశాడు. మిస్బా తన చేతిలోని ఫోను చూసుకుంది. "రీడింగులు సరిగ్గానే ఉండాయి అక్కా," అంది.

ఆనందమ్మ బూట్లు విడిచి, గోడ పక్కన జతగా పెట్టి, వట్టికాళ్ళతో గేటు వైపు నడిచింది.

సాయంత్రం చిత్తూరు బస్సులో మిస్బా ముందు సీట్లో ప్యాకింగు హాలు ఆడవాళ్ళు కూర్చున్నారు. ఎప్పుడూ సీరియల్ కథలు, చీటీ పాటలు, కోడళ్ళ మీద చాడీలతో బస్సంతా వాళ్ళదే. ఆ రోజు మాత్రం ఒకామె చెంగు నీళ్ళలో తడిపి కళ్ళకు ఒత్తుకుంటోంది. ఇంకొకామె ఊపిరి తీసిన ప్రతిసారీ సన్నగా ఈల వేసినట్టు వినిపిస్తోంది. బస్సు దిగేదాకా ఆ ఈల మిస్బా చెవుల్లోనే ఉంది.

ఇంట్లో తండ్రి నాయబ్ రసూల్ కుట్టుమిషను ముందు కూర్చుని షేర్వానీకి కాజాలు కుడుతున్నాడు. ఆమె చెప్పులు విడిచి అక్కడే గుమ్మం మీద కూర్చుండిపోవడం చూసి మిషను ఆపాడు.

"ఏమైంది బేటీ?"

"ఏం లేదు అబ్బాజాన్. ఒకామెను పనిలోంచి తీసేసినారు."

"తప్పు చేసిందా?"

అమ్మ బీబీజాన్ తెచ్చిన నీళ్ళు తాగి మిస్బా లేచింది. అన్నం ముందు కూర్చున్నా, ఆ వాకిలి పక్కన నిలబడ్డ పల్లవే కళ్ళముందు మెదిలింది.

పొద్దున్నే మొదటి బస్సుకే వెళ్ళింది. ఆఫీసులో ఊడ్చేవాళ్ళు తప్ప ఎవరూ లేరు. కూర్చుంటూనే ఫోను మోగింది. సాధారణం, పచ్చని టిక్కు. ఆమె దాన్ని పక్కకు పెట్టి, మూడు రోజుల తర్వాత ఆ నల్ల తెర తెరిచింది. గడ్డకట్టించే గది, నిన్నటి నుంచి ఇప్పటిదాకా, అన్ని రీడింగులూ అని చేత్తో టైపు చేసి ఎంటర్ కొట్టింది.

వరుసలు జారాయి. ఒక పక్క వేళలు వరసగా ఉన్నాయి. వాటి పక్కన అంకెలుండాల్సిన చోట ఏమీ లేదు. తెల్లవారుజాము ఖాళీ. నిన్న సాయంత్రం ఖాళీ. ఆనందమ్మను గేటు బయటికి పంపిన వేళ ఖాళీ. ఆమె వెనక్కి వెనక్కి అడుగుతూ పోయింది. గది కడిగిన రోజు పొద్దుటి దాకా ఖాళీయే. నీళ్ళు కొట్టిన ఆ వేళే సెన్సారు చచ్చిపోయింది. అప్పటినుంచీ దానికి గాలి లేదు, గ్యాసు లేదు, ఏమీ తెలియదు. ఆ తెలియకపోవడాన్నే తన స్క్రిప్టు సున్నా చేసి, సున్నాను సాధారణం చేసి, పొద్దస్తమానమూ అందరి చేతుల్లోకీ పంపుతోంది.

మిస్బా తెర మూయకుండా రఘునాథ్ కోసం కాచుకుంది.

రఘునాథ్ వచ్చీ రాగానే ఆ తెర చూపించింది. అతను కళ్ళజోడు పైకి నెట్టుకుని చూశాడు. అతని మొహంలో ఆశ్చర్యం కంటే లెక్కలు ఎక్కువ కనిపించాయి.

"ఖాళీ అంటే గ్యాసుండాదని గాదు కదా?"

"లేదని కూడా గాదు సార్. ఆనందమ్మ చెప్పింది..."

"ఆనందమ్మ పేరెత్తద్దు." గొంతు తగ్గించాడు. "సూడు మిస్బా. సాయంత్రానికి కంటైనరు కదలాల. సెన్సారు బాగుచేసేవాడు చెన్నై నుంచి వచ్చేది సోమవారం. అంతవరకూ నువ్వు చూసింది నీతోనే ఉండనీ. ఇంగోటి. ఆ సున్నా పెట్టమని నేను చెప్పలేదు. ఎర్రర్ రాకూడదని మాత్రమే చెప్పినాను. ఏదన్నా అయితే ఎవరు రాసినారంటారు?"

ఆమె బయటికి వచ్చి నేరుగా కంప్రెసర్ గదికి వెళ్ళింది. మిషన్ల హోరులో దయానంద్ చెవి దగ్గర అరిచి చెప్పాల్సి వచ్చింది. విన్నాక అతను మీటరు వైపు తిరిగి, అద్దం మీద వేలు పెట్టాడు.

"గది కడిగినప్పట్నుంచి ఒత్తిడి పడిపోతా ఉండాదమ్మా రెండు దినాలుగా. యాడో పోతా ఉండాదని అనుమానమే. కానీ నువ్వు పంపే మెసేజి సూసి, మీటరే తప్పు సూపిస్తా ఉండాదేమో అనుకున్నా." "ఎవురన్నా లోపలుండారా ఇప్పుడు?"

"షిఫ్టు మొదలయింది."

దయానంద్ గోడమీది మాస్కు కోసం పరుగెత్తాడు. మిస్బా ఆఫీసుకు పరుగెత్తింది. నలభై మందిని ఒక్కసారే లేపగలిగింది ఆ స్క్రిప్టే. సున్నా పెట్టిన లైను కొట్టేసింది. ఆ చోట్లో రాసింది: ఖాళీగా ఉంటే ఇలా పంపు. "గడ్డల గదిలో సెన్సారు పనిచేయడం లేదు. గ్యాసు ఉందో లేదో తెలియదు. అందరూ వెంటనే బయటికి రండి." నడిపింది.

బల్ల మీద ఫోను మోగింది. రఘునాథ్ గదిలో మోగింది. అతను "ఏయ్!" అని అరవడం వినిపించింది. ఆమె అప్పటికే వరండాలో ఉంది, ఆడవాళ్ళు బయటికి వస్తారని చూస్తూ. ఎవరూ రాలేదు. హాలు ఉక్కు తలుపు మూసే ఉంది. అప్పుడు వినిపించింది ఆమెకు. వరండా మూల నిలబెట్టిన ఇనప బీరువా, లోపల వందల తుమ్మెదలు చిక్కుకున్నట్టు గుయ్యిమంటోంది. పనికి పోయే ముందు ఆడవాళ్ళ ఫోన్లన్నీ అందులో పెట్టించి తాళం వేస్తారు. మెసేజి అందరికీ చేరింది. లోపలున్న ఒక్కరికీ చేరలేదు.

మిస్బా చేతులు కడుక్కునే కుళాయి కింద దుపట్టా తడిపి ముక్కుకు చుట్టుకుని, ఉక్కు తలుపు రెండు చేతులతో తోసింది.

మొదట చలి తగిలింది. ఆ వెనకే మంట. కళ్ళు వాటంతటవే మూసుకుపోయాయి. ఊపిరి సగంలో ఆగిపోయింది. ఇది వాసన కాదు, ఎవరో గొంతులో చెయ్యి పెట్టినట్టుంది. బల్లల వెంట తలలు వంచుకుని దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ, ఆడవాళ్ళు పెట్టెలు సర్దుతూనే ఉన్నారు.

"బయటికి రండి! అన్నీ వదిలేసి రండక్కా! గ్యాసు!"

ఆమె గొంతు పగిలిపోయింది. ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. మిషను సరే అన్నదాన్ని ఇప్పుడు కాదంటే పనిపోతుందేమో అన్నట్టు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత ఒక పెట్టె కిందపడింది, ఒక్కసారిగా అందరూ తలుపు మీదికి వచ్చారు. మిస్బా పక్కకు ఒదిగి, కనిపించిన ప్రతి భుజాన్నీ పట్టి బయటికి నెట్టింది. మాస్కు తొడుక్కున్న దయానంద్ వాళ్ళకు ఎదురుగా లోపలికి వెళ్ళాడు. వెలిగించిన గంధకం పుల్ల అతని చేతిలో ఉంది. హాలు కడాన, గది వాకిలి దగ్గర, దాని పొగ పాలలా తెల్లగా చిక్కబడింది. గ్యాసున్న చోటే అట్లా తెల్లబడుతుంది.

ఆ తెల్లని పొగ కింద పల్లవి మోకాళ్ళ మీద పడి ఉంది.

దయానంద్ ఆమెను ఎత్తుకొచ్చి మిస్బా చేతుల్లో పెట్టి, మళ్ళీ వాల్వు మూయడానికి వెనక్కి వెళ్ళాడు. మామిడికాయలు తెచ్చిన ఒక ట్రాక్టరతను ఉన్న కాయనంతా నేలమీద కుమ్మరించి, ఆడవాళ్ళను ఎక్కించుకున్నాడు. పల్లవి తల మిస్బా ఒడిలో ఉంది. నోరు తెరుస్తోంది, మూస్తోంది. శబ్దం రావడం లేదు.

మర్నాడు చిత్తూరు ప్రభుత్వాసుపత్రిలో మిగతావాళ్ళను ఇళ్ళకు పంపేశారు. పల్లవి మాత్రం మంచం మీద ఉంది. కళ్ళకు తడి గుడ్డ, ముక్కుకు గొట్టం. గొంతు కాలిందనీ, మాట ఎప్పుడొస్తుందో, అసలు మునుపటిలా వస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేమనీ డాక్టరమ్మ అంది. మొగుడు మందుల చీటీ పట్టుకుని దుకాణానికి వెళ్ళాడు. మంచం పక్కన ఆనందమ్మ కూర్చుని, దూదిని నీళ్ళలో ముంచి ఆ పిల్ల పెదవులకు అద్దుతోంది.

మిస్బా వార్డు గుమ్మంలో ఆగిపోయింది. ఆనందమ్మ తల తిప్పి చూసింది. "నిన్న లోపలికి పోయినావంట కదా," అంది. ఆ గొంతులో మెచ్చుకోలు లేదు, నిష్ఠూరమూ లేదు. "ఆ గిన్నెలో నీళ్ళు మార్చుకోనిరా పాపా."

ఆమె నీళ్ళు మార్చుకుని వచ్చేసరికి మంచం ఇంకో పక్క రఘునాథ్ ఉన్నాడు. వెంట ఫ్యాక్టరీ గుమాస్తా, చేతిలో అట్ట, కాగితం, పెన్ను. రఘునాథ్ ఒంగి మెత్తగా మాట్లాడుతున్నాడు.

"ఏమ్మా పల్లవీ, బాగుండావా? ఆసుపత్రి ఖర్చంతా కంపెనీదే, దిగులు పడద్దు. మధ్యాహ్నం ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వస్తాడు, అంతకుముందర చిన్న మాట. నీకు మాస్కు ఇచ్చినారు కదా, నువ్వే వద్దన్నావు కదా?"

పల్లవి ఛాతీ లేచి పడింది. తడి గుడ్డ కింద కళ్ళు ఏమన్నాయో ఎవరికీ తెలియదు.

"సరే. వద్దన్నది. రాయప్పా," అన్నాడు రఘునాథ్. గుమాస్తా పెన్ను కదిలింది.

"కడాన నిలబడతానని నీ అంతట నువ్వే పోయినావు. అంతే కదమ్మా?" ఒక్క క్షణం ఆగాడు. "సరే. అంతే. రాయి."

మిస్బా గిన్నెను ఆనందమ్మ పక్కన పెట్టింది.

"ఆమె ఏం చెప్పలేదు సార్."

"కాదని చెప్పిందా?"

"అవునని కూడా చెప్పలేదు. ఆమెకు మాట లేదు. మీరు అడిగింది ఏదీ ఆమె చెప్పలేదు. ఏమీ చెప్పలేదనే రాయండి."

"నీకింకా ఉద్యోగముండాదని అనుకుంటా ఉండావా?"

"తెలియదు సార్." మిస్బా గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "ఇన్‌స్పెక్టరుకు నేనే చెప్తాను. ఖాళీ వస్తే సున్నా పెట్టమని రాసింది నేను. చేతులారా నేనే రాసినాను. సెన్సారు చచ్చిందని నిన్న పొద్దున్నే మీకు చూపించింది కూడా నేనే. సైరను వైరు ఎవరు పీకించినారో ఆ ఎలక్ట్రీషియన్నే అడగమంటాను. అందరికంటే ముందు ఆనందమ్మ చెప్పింది. నేను నమ్మలేదు."

గుమాస్తా పెన్ను ఆగిపోయింది. అతను రఘునాథ్ వైపు చూశాడు, మంచం మీది పిల్ల వైపు చూశాడు. తర్వాత మెల్లగా, తాను రాసిన రెండు వరుసల మీద అడ్డంగా గీత గీశాడు. రఘునాథ్ ఆ అట్టను లాక్కుని బయటికి వెళ్ళిపోయాడు. గుమాస్తా తలొంచుకుని వెనకే నడిచాడు.

పల్లవి చెయ్యి దుప్పటి మీద వెతుక్కుంటోంది. పెదవులు కదిలాయి. గాలి తప్ప ఏమీ రాలేదు.

"ఇప్పుడొద్దులే తల్లీ," అంది ఆనందమ్మ, దూది మళ్ళీ ముంచుతూ. "నీకు గొంతొచ్చినాక నువ్వే సెప్పు. అందాకా నీ మాట ఎవురూ సెప్పరు."

రఘునాథ్ ఆసుపత్రి వదిలి పోలేదు. వార్డు వరండాలో స్తంభానికి ఆనుకుని, ఫోనులో ఎవరితోనో గొంతు తగ్గించి మాట్లాడుతూనే ఉన్నాడు. మధ్యమధ్యలో వార్డులోకి చూస్తున్నాడు. మిస్బా స్టూలు జరుపుకుని, మంచానికీ తలుపుకీ మధ్య కూర్చుంది.